చీటీ డబ్బుతో వంటగది బాగుచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఒంగోలు. 1980ల్లో మామయ్యగారు కట్టించిన ఇల్లు. వంటగది 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. 2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు, మా వంటగది కప్పులోంచి నీళ్లు సరిగ్గా బియ్యం డబ్బా మీద పడ్డాయి. అంతకుముందు ఏళ్ల తరబడి "చేయిద్దాంలే" అంటూ గడిపాం. ఇక కుదరలేదు. ఫిబ్రవరిలో మొదలెట్టి ఆదివారాలు, సాయంత్రాలు కలుపుకొని ఏడు వారాల్లో మా ఆయన, నేను ముగించాం. ఇంటికొచ్చినవాళ్లు టీ తాగుతూ అడిగే ప్రశ్నలకు అన్నిసార్లూ చెప్పలేక ఇక్కడ రాసి పెడుతున్నా.

మొత్తం ఎంతయింది?

చీటీ ఎత్తితే చేతికొచ్చింది 45,000. ఖర్చయింది 47,000. ప్లంబరు కూలి, పైపులు, సింకు, కొళాయి కలిపి 8,500. కరెంటు పని సామానుతో సహా 7,500. మేస్త్రికి, ఆయన వెంట వచ్చిన కూలికి 7,000. సున్నం, పెయింటు, కప్పు మీద పూసిన వాటర్‌ప్రూఫ్ డబ్బా 5,000. గట్టు గ్రానైటు 4,500, సిమెంటు ఇసుక 3,800, అరలకు కడప బండలు 3,500, టైల్స్, వాటిని అంటించే గమ్ము 2,100. చిన్నాచితకా పనిముట్లు 1,500, రాళ్లు రప్పలు ఎత్తించడానికి 1,200. మిగిలిన 2,400 మా తప్పులకు కట్టిన జరిమానా. ఆ తప్పులేమిటో కింద ఎక్కడికక్కడ చెబుతాను.

ఇవి మాకు పడిన ధరలు. కూలి రేట్లు ఊరికీ ఊరికీ, ఒక్కోసారి వీధికీ వీధికీ మారతాయి. మీ లెక్క మీరు వేసుకోండి. వేసిన లెక్క మీద పదో వంతు పక్కన పెట్టుకోకుండా మాత్రం ఒక్క ఇటుక కూడా కదపొద్దు.

ఏ పని మనం చేసుకోవచ్చు, ఏది చేయించుకోవాలి?

మేం పెట్టుకున్న లెక్క ఒకటే. నీళ్లు తగిలే చోట డబ్బు పెట్టాం, కంటికి కనిపించే చోట ఒళ్లు వంచాం. సింకు కింది పైపులో నీళ్లు కారితే గట్టు మొత్తం ఊడదీయాలి. గోడకు రంగు సరిగా పడకపోతే మళ్లీ ఆదివారం వేసుకోవచ్చు. ఏ పని దగ్గరైనా "ఇది చెడితే మళ్లీ చేయడానికి ఎంతవుతుంది?" అని అడిగి చూడండి. ఎవరు చేయాలో దాన్నిబట్టే తేలిపోతుంది.

పాత పూత చెక్కడం, గోడల్లో గాడి కొట్టడం, ఇసుక జల్లించడం, టైల్స్, సున్నం, పెయింటు, అరలు మావి. నీళ్ల పైపులు, కరెంటు, గ్యాసు, గట్టు కూర్చోబెట్టడం, పెద్ద గోడ పూత పనివాళ్లవి. మేస్త్రి నాలుగు రోజులే వచ్చాడు. ఆయన వచ్చేసరికి చెక్కాల్సింది చెక్కి, ఇసుక జల్లించి, తొట్టి నిండా నీళ్లు పట్టి ఉంచాం కాబట్టి నాలుగు రోజులూ తాపీ చేతిలో ఉంది, చీపురు కాదు. "ఏందమ్మా, పనంతా మీరే చేస్తే ఇక మేమెందుకు?" అని నవ్వాడు. డబ్బు మిగిలిన కిటుకు అదే.

ఏ నెలలో మొదలెడితే మంచిది?

మన ఒంగోలు, కావలి, నెల్లూరు వైపు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ మూడు నెలలు గోడ ముట్టుకోవద్దు. సంక్రాంతికి పనివాళ్లు దొరకరు. పండగ దాటాక జనవరి చివర నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా గోడలు పొడిగా ఉంటాయి, ఎండ కూడా చంపదు. రోహిణి ఎండకు రోళ్లు పగులుతాయంటారు, పచ్చి పూత ఒక లెక్కా? మేలో చేయక తప్పకపోతే పొద్దున్నే పూత ముగించి, తడి గోనెసంచులు కప్పి, రోజుకు నాలుగుసార్లు నీళ్లు చల్లాలి.

మూఢం, ఆషాఢం రోజుల్లో కొత్త ఇళ్లు మొదలెట్టరు కాబట్టి మేస్త్రి సులువుగా దొరుకుతాడు. మా అత్తయ్య ఒప్పుకోలేదు. మీ ఇంట్లో ఒప్పుకుంటే అదొక లాభం.

వంటగదికీ హాలుకీ మధ్య గోడ పడగొట్టి ఒకటే చేసుకోవచ్చా?

ఎక్కువమంది అడిగేది ఇదే, నేను వద్దనేదీ ఇదే. పాత ఇళ్లలో పిల్లర్లు ఉండవు. 9 అంగుళాల ఇటుక గోడలే స్లాబును మోస్తుంటాయి. అలాంటి గోడను మీరు పడగొడితే స్లాబు తర్వాత మిమ్మల్ని అడగదు. నాలుగున్నర అంగుళాల అడ్డగోడ అయితే తీయొచ్చేమో గానీ, దాని పైన ఏముందో ఇంజనీరుకు చూపించాకే. ఒకసారి వచ్చి చూసినందుకు ఇచ్చే ఫీజు దండగ కాదు. మేం గోడ తీయలేదు. పాత గూడు ఒకటి తెరిచి వడ్డించే కిటికీలా చేద్దామనుకుని, అది కూడా మానేశాం.

గోడ కింద తెల్లగా పొడి రాలుతోంది. పుట్టీ పెట్టి రంగేస్తే పోతుందా?

పోదు. నేను చేసి చూశాను. రెండేళ్ల ముందు సంక్రాంతికి చుట్టాలొస్తున్నారని గీకి, పుట్టీ పెట్టి, లేత పసుపు రంగు వేశాం. ఉగాదికి అప్పడంలా పొంగింది. వానలొచ్చేసరికి పెచ్చులుగా ఊడి పప్పు డబ్బాల మీద పడింది.

అది చవుడు. మన తీరం వైపు భూమిలో నీళ్లు ఉప్పన. దీపం వత్తి నూనె పీల్చినట్టు ఇటుక ఆ నీటిని కింద నుంచి పైకి పీలుస్తుంది. నీరు గోడ మీద ఆరిపోతుంది, ఉప్పు మిగిలిపోతుంది. ఆ ఉప్పు గట్టిపడి పలుకులు కట్టేటప్పుడు పూతను లోపల నుంచి తోస్తుంది. పునాది మీద తేమ పైకి రాకుండా వేసే పొర పాత ఇళ్లలో చాలావాటికి ఉండదు. ఉన్నా, బయట వీధి ఎత్తు పెంచినప్పుడల్లా మట్టి ఆ పొరను దాటి పైకి వస్తుంది. పుట్టీ, ఆయిల్ పెయింటు, గట్టి సిమెంటు పూత వేస్తే తేమకు దారి మూసుకుపోతుంది. అది ఇంకో అడుగు పైకెక్కి అక్కడ బయటపడుతుంది. మా పొరుగింట్లో మోకాలెత్తున ఉన్న చవుడు టైల్స్ అంటించాక నడుమెత్తుకు వచ్చింది.

అందుకే ముందు బయటికి వెళ్లి గోడ వెనక ఏముందో చూడండి. మా గోడ వెనక అంట్లు తోమే గచ్చు ఉంది. దాని వాలు గోడ వైపే ఉంది! ఏళ్లుగా అంట్ల నీళ్లు మేమే గోడకు తాగిస్తున్నాం. మొదట ఆ వాలు మార్చాం, గోడకు ఆనుకున్న మట్టిని జానెడు లోతు తీసేశాం.

తర్వాత లోపల. చవుడు మరక ఎంతవరకు ఉందో దానికి ఒక అడుగు పైదాకా పూత చెక్కేశాం. ఇటుకల మధ్య సందుల్లో గుల్లబారిన మాలు (ఇటుకలను అతికించే ముద్ద) అరంగుళం లోతు గీకాం. పొడి బ్రష్‌తో రుద్ది, రాలిన ఉప్పును చేటలోకి ఎత్తి బయట పారేశాం. ఇక్కడ నీళ్లు పెట్టి కడగకండి. కడిగితే ఉప్పు కరిగి మళ్లీ ఇటుకలోకే పోతుంది. కిటికీ తెరిచి నాలుగు వారాలు గోడను అట్లాగే వదిలేశాం. వారానికోసారి కొత్తగా పైకొచ్చిన ఉప్పును బ్రష్ కొట్టాం. ఇటుకలు బయటపడిన ఆ గోడను చూసి "ఇదేం ఖర్మ" అని మా అత్తయ్య పక్క గదిలోకి పోయి కూర్చునేది.

నాలుగు వారాల తర్వాత 1 పాలు సిమెంటు, 1 పాలు సున్నం, 6 పాళ్లు ఇసుకతో మేస్త్రి పూత పెట్టాడు. సున్నం కలిసిన పూత గోడకు ఊపిరాడనిస్తుంది. దాని మీద పుట్టీ లేదు, మూడు చేతులు సున్నమే. ఇక చవుడు రాదా అంటే, వస్తుంది, కొద్దిగా. ఏడాదికోసారి పొడి బ్రష్ కొట్టి ఒక చెయ్యి సున్నం వేస్తే సరిపోతోంది. గోడకు వరసగా రంధ్రాలు పెట్టి మందు ఎక్కించే పద్ధతి ఒకటి ఉంది, అది మా చీటీకి అందేది కాదు.

సున్నం కొట్టుకునేవాళ్లు కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా దిగొద్దు. కంట్లో పడితే ఆడుకునే వస్తువు కాదది. రాతి సున్నం తెచ్చి ఇంట్లో నానబెట్టేటప్పుడు సలసలా మరుగుతుంది. పిల్లలున్న ఇంట్లో నానిన సున్నమే కొనండి.

కప్పు కారుతోంది, పెచ్చులు కూడా ఊడుతున్నాయి. ఏం చేయాలి?

రెండూ ఒకటి కాదు. కారడం ఒక్కటే అయితే మేడెక్కి చూడండి. మాది పిట్టగోడ, స్లాబు కలిసే మూలలో వెంట్రుకంత చీలిక. దాన్ని గీకి వెడల్పు చేసి, దుమ్ము లేకుండా కడిగి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన మాలు మూలంతా గుండ్రంగా వచ్చేలా పెట్టాం. అది ఆరాక డబ్బా మీద రాసినట్టు రెండు చేతులు పూశాం, మొదటిది నిలువుగా, రెండోది అడ్డంగా. తర్వాత తూముకు గుడ్డ కుక్కి, అంగుళం ఎత్తున నీళ్లు కట్టి ఒక రోజంతా ఉంచాం. కింద చుక్క పడలేదు. ఈ పరీక్ష చేయకుండా కింద రంగు వేయకండి.

పెచ్చులూడిన చోట తుప్పు పట్టిన ఇనప కడ్డీ కనబడితే మాత్రం అది మన పని కాదు. కడ్డీ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. పైన మాలు మెత్తితే లోపల తుప్పు పెరుగుతూనే ఉంటుంది. ఇంజనీరును పిలవండి. వచ్చేదాకా ఆ కింద పొయ్యి పెట్టొద్దు.

సిమెంటు, ఇసుక పాళ్లు ఎట్టా?

నీళ్లు తగిలే గోడకు ఒకటికి నాలుగు, లోపలి మామూలు గోడకు ఒకటికి ఆరు. కొలతకు ఒకే తట్ట వాడండి, సిమెంటుకు చిన్నది, ఇసుకకు పెద్దది కాదు. నవ్వకండి, మేం మొదటి రోజు చేసింది అదే. 50 కిలోల సిమెంటు సంచి సుమారు 1.25 ఘనపుటడుగులు. నీళ్లు కలిపాక అరగంటలో వాడేయాలి. గట్టిపడితే మళ్లీ నీళ్లు పోసి కలపడం ఉత్త మోసం, మనల్ని మనమే మోసం చేసుకోవడం. సంచి మీద తయారైన వారం, ఏడాది ఉంటాయి. మూడు నెలలు దాటినది అగ్గువకిచ్చినా వద్దు.

బోరు నీళ్లు నోట్లో పోసుకుని చూడండి. ఉప్పగా తగిలితే మాలుకు పనికిరావు. మేం కొళాయి నీళ్లు డ్రమ్ములకు పట్టి వాడాం. కొత్తపట్నం ఒడ్డున ఇసుక ఊరికే వస్తుందని ఒకాయన చెప్పాడు. సముద్రపు ఇసుక తెచ్చి పూత పెట్టడమంటే చవుడును ఇంటికి పిలిచి కూర్చోబెట్టడమే. ఏటి ఇసుకే వాడండి. మా పని అయిపోయాక 2024 జులైలో ఉచిత ఇసుక వచ్చింది, మన అదృష్టం అంతే. ఇసుక ఉచితమైనా ఎత్తుడు కూలి, బండి బాడుగ మనమే కట్టుకోవాలి. చిన్న పనికైతే సంచుల్లెక్కన తెచ్చుకోవడమే మేలు.

పూత పెట్టిన మర్నాటి నుంచి కనీసం ఏడు రోజులు తడపాలి. ఇది డబ్బు ఖర్చు లేని పని. అందరూ ఎగ్గొట్టేదీ ఇదే.

గట్టుకు గ్రానైటు అంత చవగ్గా ఎట్టా దొరికింది?

చీమకుర్తి పక్కనే ఉండగా టౌనులో షోరూముకు పోవడమెందుకు? నల్ల రాయిలో బంగారు చుక్కలుండే గెలాక్సీ గ్రానైటు పుట్టిల్లు అదే. ఆ మెరుపు బంగారం కాదు, రాయిలోని బ్రాంజైట్ అనే ఖనిజం. దేశదేశాలకు పోయే రాయి అది. పెద్ద పలకలు కోశాక అంచు ముక్కలు, పక్క కాస్త విరిగినవి, చుక్కలు సరిగా పరుచుకోనివి కటింగ్, పాలిష్ యూనిట్లలో మిగిలిపోతుంటాయి. ఎగుమతికి పనికిరావేమో గానీ, చపాతీలు ఒత్తడానికి ఏం అడ్డం?

మాకు కావలసింది 8 అడుగుల ముక్క ఒకటి, 5 అడుగులది ఒకటి, రెండూ 2 అడుగుల వెడల్పు. మొత్తం 26 చదరపుటడుగులు. రాయి, అంచు పాలిష్, సింకు రంధ్రం, ఆటో కలిపితేనే 4,500. మూడు చోట్ల తిరిగాం. కొలతలు కాగితం మీద గీసుకుని పోండి, నోటితో చెబితే పది నిమిషాల్లో మనకే అనుమానం వస్తుంది.

రాయి కొనేముందు దాని మీద నీళ్లు పోయించండి. మిగతాది ఆరుతుండగా ఒక గీత మాత్రం తడిగా నిలిచిందంటే అక్కడ చీలిక ఉంది. మందం 18 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. సింకు రంధ్రం పక్కన రాయి సన్నగా మిగులుతుంది, విరిగితే అక్కడే విరుగుతుంది, కాబట్టి ఆ ముక్కను మోసేటప్పుడు నిలువుగా పట్టుకోవాలి.

ఇక మా పెద్ద తప్పు. సింకు కొనకముందే, "మామూలు సైజే గదా" అని రంధ్రం కోయించాం. మేం కొన్న సింకు అందులోంచి జారి కింద పడేంత రంధ్రం అది! పెద్ద సింకు కోసం ఇంకో 1,400 పెట్టాల్సి వచ్చింది. సింకును ఆటోలో పెట్టుకుని చీమకుర్తి తీసుకుపోండి.

కింద అరలకు కడప బండలు చాలు. చవక, బరువు మోస్తాయి. గట్టు మీదకు మాత్రం వద్దు. అది సున్నపురాయి, చింతపండు పులుసో నిమ్మరసమో పడితే మచ్చ తినేస్తుంది. గ్రానైటుకు ఆ బాధ లేదు. నల్ల రాయి మీద ఉప్పు నీటి మరకలు తెల్లగా కొట్టొచ్చినట్టు కనబడతాయి, తుడవగానే పొడిగుడ్డ పెట్టాలి, అంతే. అంట్లు తోమే గచ్చుకు మార్కాపురం పలకరాయి వేద్దామని మా ఆయన సరదా పడ్డాడు. అది పొరలు పొరలుగా లేస్తుందేమోనని నేను ఆపేశాను.

గట్టు ఎంత ఎత్తు ఉండాలి?

వంట చేసేవాళ్లను నిలబెట్టి, మోచెయ్యి మడిచి, దాని కింద నాలుగైదు అంగుళాలు కొలవండి. నేను 5 అడుగుల 1 అంగుళం, నాకు 33 అంగుళాలు కుదిరింది. మేస్త్రి అడగకుండానే 36 పెట్టబోయాడు. అంత ఎత్తైతే కుక్కర్లోకి తొంగిచూడాలంటే నాకు పీట కావాలి. ఇల్లు ఎవరిదైనా గట్టు మాత్రం వండేవాళ్లది.

టైల్స్ మనమే అంటించుకోవచ్చా?

నేలకు వద్దు, గట్టు వెనక రెండడుగుల గోడకు హాయిగా. మొత్తం నేనే అంటించాను, ఆయన మాలు కలిపి ఇచ్చాడు. సిరామిక్ టైల్‌ను సిమెంటు పాలతో అంటిస్తే ముందు నీళ్లలో నానబెట్టాలి. సంచిలో వచ్చే టైల్ గమ్ముతో అయితే నానబెట్టకూడదు. విట్రిఫైడ్ టైల్ నీళ్లు దాదాపు పీల్చదు కాబట్టి దానికి ఉత్త సిమెంటు పట్టదు, గమ్మే వాడాలి. దువ్వెనలా పళ్లున్న తాపీతో గీతలు పడేలా పూసి, టైల్ అద్ది, కాస్త అటూ ఇటూ కదిపి నొక్కండి. ఆరాక వేలితో కొడితే డొల్ల మోత రాకూడదు.

మొదటి వరస రసమట్టం పెట్టి సరిచూసుకుంటే మిగతావి వాటంతట అవే వస్తాయి. మట్టం చూడకుండా కన్ను మీద నమ్మకంతో వేశామంటే కిటికీ దాకా వచ్చేసరికి అరంగుళం తేడా వస్తుంది. పెట్టె మీద షేడ్ నంబరు ఉంటుంది, అన్ని పెట్టెల మీదా అదే ఉందో లేదో చూసి, పదో వంతు ఎక్కువ తెచ్చుకోండి. మేం సరిపోయేంతే తెచ్చి, రెండు పగలగొట్టి, మళ్లీ పోతే ఆ షేడ్ లేదు. ఫ్రిజ్ వెనక రెండు టైల్స్ వేరే రంగువి, ఎవరికీ చెప్పకండి.

నేల మార్చలేదా?

లేదు. పాత మొజాయిక్ ఎక్కడా కుంగలేదు, జిడ్డు తప్ప దోషం లేదు. సర్ఫు నీళ్లు, గట్టి బ్రష్, రెండు మధ్యాహ్నాలు. కొత్త నేల అనుకుని అడిగేవాళ్లున్నారు.

కరెంటు పని కూడా నేర్చుకుని చేసుకోవచ్చు గదా?

వద్దు. తడి చేతులు, సింకు, మిక్సీ, ఫ్రిజ్ అన్నీ పది అడుగుల్లో ఉండే గది అది. మా ఎలక్ట్రీషియన్ గోడ మీద సుద్దతో గీతలు గీసి పోయాడు. వంటగదికి కరెంటు ఆపి, పక్క గదిలోంచి డ్రిల్లుకు వైరు లాగి, ఆ గీతల మీద గాడి మేమే కొట్టాం. ఆయన వచ్చి పైపులు, వైర్లు వేశాడు. గాడి కూలి మిగిలింది. ఆయన్ను అడగాల్సినవి: 16 ఆంప్స్ ప్లగ్గులకు లావు వైరు, విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే ఆగిపోయే స్విచ్చు), ఎర్తింగ్ పనిచేస్తుందో లేదో పరీక్ష, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ. షాకు కొట్టబోతే కరెంటును కళ్లు మూసి తెరిచేలోపు ఆపేది ఆ ఆర్‌సీసీబీయే. ధర చూసి వెనకాడొద్దు, దాని బదులు రంగు తగ్గించుకోండి.

గోడ మూసేముందు పైపులకూ వైర్లకూ పక్కన టేపు పెట్టి ఫోటోలు తీసుకోండి. రేపు మేకు కొట్టేటప్పుడు ఆ ఫోటో విలువ తెలుస్తుంది.

గ్యాసు సంగతి?

పొయ్యి ఎప్పుడూ సిలిండరు కన్నా ఎత్తులో ఉండాలి, సిలిండరు నిలబడే ఉండాలి. గ్యాసు గాలి కన్నా బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. అందుకే గట్టు కింద సిలిండరు పెట్టే చోట తలుపుకు కింద భాగంలో జాలీ పెట్టించండి. రబ్బరు గొట్టం అయిదేళ్లకోసారి మార్చాలి, తేదీ దాని మీదే ఉంటుంది. వాసనొస్తే స్విచ్చులు ముట్టుకోకుండా, రెగ్యులేటరు ఆపి, తలుపులు తెరిచి, 1906కు ఫోన్ చేయాలి.

పని జరిగినన్ని రోజులు వంట ఎక్కడ?

వరండాలో, ఒంటి పొయ్యి మీద. మధ్యలో రెండు రోజులు మెస్సు భోజనం. ఎంత టెన్షనైనా సిలిండరున్న చోట దుమ్ము లేపే మిషన్ తిప్పనివ్వలేదు. పప్పులు, పిండ్లు అన్నీ పాత చీరల్లో మూటగట్టి అటకెక్కించాం. అయినా ఆ నెలంతా పెరుగులో సిమెంటు రుచి వచ్చిందని మా అబ్బాయి అంటాడు.

పగలగొట్టిన రాళ్లు ఎక్కడ పారేశారు?

ఊళ్లో ఎవరో ఒకరు స్థలం మెరక చేయించుకుంటూనే ఉంటారు. వాళ్లను అడిగితే సంతోషంగా తీసుకుంటారు, బండి బాడుగ మాత్రం మనది. కాలవలో వేస్తే మొదటి వానకు ఆ నీళ్లు మన గుమ్మానికే వస్తాయి.

మాది రేకుల వంటగది / మిద్దె ఇల్లు. ఇవే పద్ధతులు పనికొస్తాయా?

పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. వాటిని కోసినా, రంధ్రం పెట్టినా లేచే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు, అది ఏళ్ల తర్వాత బయటపడే చేటు. అట్లాంటి రేకులను గీకొద్దు, కోయొద్దు. దుమ్ము కింద పడకుండా లోపల కింద ఇంకో కప్పు కట్టించుకోవచ్చు, పైన సున్నం పూస్తే వేడి తగ్గుతుంది. దూలాల మీద ఇటుక పేర్చి సున్నంతో వేసిన పాత మిద్దెలకు సిమెంటు పొరలు ఎక్కించొద్దు. బరువు పెరుగుతుంది, లోపల తేమ చిక్కి దూలాలు పుచ్చుతాయి. అవి సున్నంతోనే బతుకుతాయి. దూలం గోడలో దిగే చోట మేకుతో పొడిచి చూడండి, మెత్తగా దిగితే మిగతా పనులన్నీ ఆపి వడ్రంగిని పిలవండి.

మళ్లీ చేయాల్సి వస్తే ఏం మారుస్తారు?

సింకును కిటికీ కిందికి జరుపుతాను. ఇప్పుడున్న మూలలో గాలి తగలక స్పాంజి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. గట్టు మీద ఇంకో ప్లగ్గు పెట్టిస్తాను, మిక్సీ తీసి రైస్ కుక్కరు పెట్టడమే పనైపోయింది. మాడ్యులర్ తలుపులు లేవే అని ఎవరైనా అంటే మాత్రం బాధలేదు. అరలకు తెరలు కుట్టాను, చవుడు గోడకు తగిలే చెక్క తలుపులు మన గాలికి ఎన్నాళ్లుంటాయి? అటక ఒక్కటే ముట్టుకోలేదు, దాని అంచు ఇంకా పాత ఆకుపచ్చ రంగులోనే ఉంది. ఈసారి చీటీ సంక్రాంతి ముందు వస్తుంది. బాత్రూము ముందా అటక ముందా అని మా ఇంట్లో రోజూ రాత్రి గొడవే.